ఇత్తనం పడేదాకా

గుప్పిట ఎక్కువ వదులైతే జొన్న గుంపుగా పడుతుంది, బిగిస్తే సాలు బోసిపోతుంది, సమంగా వదలాలి అనుకుంటూ సుబ్బలక్ష్మమ్మ విత్తే గొర్రు వెంట నడుస్తూ దాని జడ్డిగం గిన్నెలో విత్తనం పోస్తోంది, గుంపులుగానే పడుతున్నాయి పాడు జొన్నలు, పొద్దున చేనికొస్తూ వరద తీసిన వంకలో తుమ్మకంపకు తట్టుకున్న చేతిని చూసినప్పటినుంచీ ఇంతే, ఒండుమట్టిలోంచి మోచేతిదాకా తేలిన చెయ్యి, దానికి రాగి కడియం, గాలివాన రాత్రి ఎద్దులను విప్పుకొస్తానని పోయిన ఓబులేసు కడియం, మొగుడి శవాన్ని చూసి అరవని ఆడది ఉంటుందా, ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని వచ్చి గొర్రు వెనక నిలబడింది, ఛీ, ఏం బతుకు, అరిస్తే మైల, మైల ఇంటివాళ్ల విత్తనం కర్మలయ్యేదాకా భూమిలో పడకూడదు, అందాకా నేలలో పదును ఆగుతుందా, ఈ నల్లరేగడి ఆరిందంటే గునపం కూడా దిగదు, గాలివానకు ఎద్దులు పోయినవాళ్లకు మిగిలినవాళ్లు వంతులేసుకుని ముయ్యికి, కూలి లేని బదులుసాయంగా, దున్నాలని ఊరంతా అనుకున్నారు, ఈ రోజు ఆమె వంతు, తప్పితే మళ్లీ రాదు, పిల్లలకు గింజుండదు, ఓబులేసు కనబడ్నాడా అమ్మీ అని గొర్రు తోలే పుల్లయ్య మామ పొద్దున అందరి ముందూ అడిగాడు, లేదు మామా, బద్వేలులో యాడన్నా ఆగినాడేమో అంది, ఎంత తేలిగ్గా వచ్చింది అబద్ధం.

ఎండెక్కింది, వంకమీద రాబందులు దిగుతున్నాయి, అవి ఎక్కడ మొదలుపెడతాయో ఆమెకు తెలుసు, గొడ్డు చచ్చినప్పుడు చూసింది, ముందు కళ్లు, పొయ్యి, జొన్నలు పొయ్యి, కోపమొచ్చినా నవ్వే కళ్లు ఓబులేసువి, పోయి తరమాలి, తరిమితే అందరికీ తెలిసిపోతుంది, పొయ్యి, ఇంతలో వంక గట్టు ఇంకా అల్లంత దూరముండగానే మామ ఎద్దులను మళ్లించాడు, గట్టుదాకా పోనీ మామా అంది నోటి అలవాటుగా, వద్దులే, ఆపక్క ఎద్దులు బెదుర్తాయి అన్నాడు ఆమె మొహం చూడకుండా, ఆమె చెయ్యి ఆగిపోయింది, ఆపాకు అమ్మీ, పొయ్యి, ఇత్తనం పడినాక అందరం ఏడుస్తాం అన్నాడు.

అయితే మామ చూశాడు, ఆమెకంటే ముందే చూశాడు, ఇందాక చేనికి సంగటి ముద్ద తెచ్చి ఆమెను పలకరించకుండా పోయిన ఆడవాళ్లూ చూశారు, పొద్దున మామ అడిగింది తెలుసుకోవడానికి కాదు, లేదని ఆమె నోట అందరి ముందూ అనిపించడానికి, ఆమె పిల్లల తిండికోసం ఊరంతా కలిసి ఓబులేసును రాబందులకు వదిలేసింది, అందరికంటే ముందు వదిలింది తనే, జొన్నలు ఇప్పుడు సమంగా పడుతున్నాయి.