కప్పు కడిగితేనే గోలు

ఆ రోజు డ్రిల్ టీచరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి? బడిలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే మనిషి ఆవిడ. ఆ ఇంట్లో ఆటంటే ఏమిటో తెలిసింది ఆవిడ ఒక్కదానికే. దేశం జట్టు ఫైనల్ ఆడుతుంటే ఆవిడేమో వంటింట్లో తలుపు వేసుకుని, కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతోంది.

ఇదంతా మొదటి మ్యాచ్ తెచ్చిన తంటా. ఆవిడ కప్పు కడగడానికి లేచి వెళ్ళిన నిమిషానికే మనవాళ్ళు గోలు కొట్టారు. కాకి వాలింది, తాటిపండు రాలింది, అంతే. కళ్ళద్దాల దుకాణం నడిపే మొగుడుగారికి మాత్రం అందులో ఏదో దైవరహస్యం కనిపించింది. ఊరందరికీ చూపు సరిచేసే మనిషికి ఇంట్లో చూపు ఆ పాటిదే. అప్పటినుంచి ప్రతి మ్యాచ్‌కూ ఆవిడకు వంటిల్లే. కుళాయి చప్పుడు ఆగితే "వదినా, నీళ్ళు ఆగాయి!" అని మరిది కేక. మనవాళ్ళు కొట్టిన గోలు ఒక్కటైనా ఆవిడ కళ్ళారా చూడలేదు.

ఇంకో పది నిమిషాల్లో ఆట అయిపోతుంది. మనవాళ్ళు ఒక గోలు వెనకబడి ఉన్నారు. ఆవిడ కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చి సోఫా చివర కూర్చుంది.

"నీకు దండం పెడతానే, లోపలికి పో," అన్నాడు మొగుడు.

"పోను. నేను కప్పు కడిగితే గోలు పడేట్టయితే ఆ పదకొండు మందీ ఎందుకండీ? నన్నే పంపాల్సింది."

మరిది ఏదో అనబోయాడు. అంతలో ఎడమ పక్క నుంచి బంతి లేచింది. ఆవిడా సగం లేచింది. అన్నదమ్ములిద్దరూ ఒక్క గెంతున టీవీకి అడ్డం వచ్చారు. గోలు! ఇల్లు దద్దరిల్లింది. ఆవిడకు కనిపించింది మాత్రం మరిది వీపు.

"కదలకు!" మొగుడు ఆవిడ భుజాలు పట్టుకున్నాడు. "అలాగే సగం లేచి ఉండు. ఇదే కలిసొచ్చింది."

"అడ్డం తప్పుకోండి, ఆట కనిపించడం లేదు."

"నువ్వు చూడక్కర్లేదే. అలా ఉంటే చాలు."

వంగిన మోకాళ్ళ కన్నా ఆ మాట ఎక్కువ నొప్పి పెట్టింది. ఇరవై ఏళ్ళుగా ఆటనే నమ్ముకుని బతుకుతున్న మనిషి ఆట చూడక్కర్లేదట! ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. ఆ చేతులు విదిలించుకుని, వీధి తలుపు తీసి, ఎదురింటి గంట నొక్కింది.

"ఎక్కడికే? ఓడిపోతాం!" అంటూ మొగుడు ఆట వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు.

"మీరు అక్కడే ఉండండి, కదలకండి. గెలిచారో ఓడారో నేను చూసొచ్చి చెప్తాను."