సాక్ష్యం చెప్పిన మోకాలు

మోకాళ్ళ నొప్పికి రెండు మందుల్లో ఏది మెరుగో తేల్చే పరీక్ష మా నందిగామ ఆసుపత్రిలో నడుస్తోంది. ఎవరికి ఏ మాత్ర వెళ్తోందో డాక్టరుగారికీ తెలియదు, నర్సునైన నాకూ తెలియదు. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందో అడిగి రాసుకోవడమే నా పని. వినడానికి ఎంతో సుళువు, చేస్తేనే తెలుస్తుంది. ఒకావిడ పక్కింటావిడకి సగం మాత్రలు పంచి వస్తుంది. ఇంకొకాయన డాక్టరుగారు నొచ్చుకుంటారని తగ్గిందంటాడు.

ఆరోగ్యమ్మగారు జగ్గయ్యపేట నుంచి బస్సులో వస్తారు. ఆ రోజు రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి మేడమీదికి ఎక్కడం నా కళ్ళతో చూశాను. గదిలో కూర్చుని సున్నా అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. మరి రెయిలింగు ఎందుకు పట్టుకున్నారని నిలదీశాను. వాళ్ళ చర్చి సంఘమంతా ఆవిడ కోసం ఉపవాస ప్రార్థన చేసిందట. మొదట్లో కాస్త తేలికపడగానే ఆదివారం చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి, దేవుడి దయవల్ల నొప్పి పూర్తిగా పోయిందని సాక్ష్యం చెప్పేశారట. తర్వాత నొప్పి తిరిగొచ్చింది.

నొప్పి ఎక్కువున్నవాళ్ళకి అదనంగా ఇంకో మాత్ర ఇస్తాం, సున్నా అంటే కుదరదని చెప్పాను. ఇక్కడి మాట ఈ గది దాటదని మాటిచ్చాను. పైనున్న ఆ దేవుడికైనా నిజం చెప్పమన్నాను విసుగ్గా.

"ఆయనకి తెలుసమ్మా నాకు నొప్పుందని. సంఘంలో వాళ్ళకే తెలవకూడదు," అన్నారు. "ఎనిమిది ఏసుకో."

అదనపు మాత్రలు కూడా ఇచ్చి పంపాను. బయట బెంచీ మీద వాళ్ళ సంఘంలోని బాలస్వామిగారు తన వంతు కోసం కూర్చున్నారు. ఆయన్ని చూడగానే ఆరోగ్యమ్మగారు నిటారుగా నిలబడి, రెయిలింగు ముట్టుకోకుండా మెట్లు దిగిపోయారు. చూస్తున్న నాకు ఏడుపొచ్చింది.

బాలస్వామిగారు గోడ పట్టుకుని లోపలికొచ్చారు. నేను అడగకముందే సున్నా రాయమన్నారు. నాకిక ఓపిక చచ్చింది. మరి గోడ ఎందుకండీ అన్నాను. ఇక్కడి మాట బయటికి పోదని ఆయనకీ చెప్పాను.

"పోకపోయినా నాకు తెలుసుద్దిగా. మా ఇద్దరికీ కలిపి ఒకే ప్రార్థన చేశారు. ఆవిడెట్టా దిగిందో చూశారుగా. ఆవిడకి తగ్గి నాకు తగ్గలేదంటే, నా విశ్వాసం ఏపాటిదండి?"

ఆవిడకీ తగ్గలేదన్న ఒక్క ముక్క చెబితే ఈయన నోరు విప్పుతారు. కానీ ఆ మాట ఈ గది దాటదని ఇందాకే ఆవిడకి మాటిచ్చాను. పళ్ళు బిగబట్టి సున్నా రాశాను. అదనపు మాత్రలు నా చేతి పక్కన ట్రేలోనే ఉన్నాయి. ఆయన మళ్ళీ గోడ పట్టుకుని వెళ్ళిపోయారు.