మూడో చెక్‌పాయింట్ దాటి

ఉడికిన గుడ్డును చన్నీళ్లలో ముంచి, బల్ల అంచుకు మెల్లగా తట్టి, పెంకు కింద దాగిన పల్చటి పొరను బొటనవేలితో దొరకబుచ్చుకుంటే చాలు, మిగతాదంతా దానంతట అదే ఊడి వస్తుంది. ఆ పొర దొరకకపోతే గుడ్డు నిండా గాట్లే. గ్లెండాకు అది ఎప్పుడూ దొరుకుతుంది. రేపటి నడకకు వచ్చేవాళ్ల సాండ్‌విచ్‌ల కోసం ఆమె గిన్నె తరువాత గిన్నె ఒలిచి పెడుతోంది. రేపు ఆ నడిచేవాళ్లలో తానూ ఒకతెనన్న సంగతి గుడ్లకు తెలియదు. చేతులకు కూడా ఇంకా తెలిసినట్టు లేదు.

"మూడో చెక్‌పాయింట్ దాకా వస్తే చాలులే," అన్నాడు భర్త క్లైవ్, ఆపరేషనైన మోకాలిని స్టూలు మీద చాపుకుని. "అక్కడ నేనుంటాగా. నీ ఏప్రన్ కూడా అక్కడే మేకుకి వేలాడుతుంటుంది. కాళ్లు మొరాయిస్తే కట్టేసుకుని లోపలికొచ్చెయ్. ఎవరూ ఏమీ అనుకోరు."

ఆ మాటలో ద్వేషం లేదు. ఉంటే బదులు చెప్పడం సులువయ్యేది. ముప్పై ఏళ్లుగా ఆమెను నొప్పించినవన్నీ ఇలా మెత్తగా, దుప్పటి కప్పినట్టు పలికిన మాటలే. దుప్పటి కింద ఊపిరాడదని ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకుంటే, చలికి కప్పినవాడిదా తప్పు, చెమటపట్టినదానిదా అని అడుగుతారు.

రావెన్‌షా మూర్ నడక ఏటా మే నెలలో జరుగుతుంది. ఊరు దాటి, రాతి గోడలు దాటి, గొర్రెల మేతలు దాటి, చెట్టన్నది లేని ఆ బీడు కొండల మీదుగా ముప్పై మైళ్లు చుట్టి, బయల్దేరిన బడి దగ్గరికే తిరిగి రావాలి. పరుగెత్తేవాళ్లు పరుగెత్తుతారు, నడిచేవాళ్లు నడుస్తారు. క్లైవ్ ఇంతవరకు ఒక్క ఏడాదైనా మానలేదు. అతని బ్యాడ్జీలు మెట్ల పక్క గోడంతా పాకాయి. హాలిన్ గ్రామపు హాల్లో పెట్టే మూడో చెక్‌పాయింట్ గ్లెండాది. టీ, సాండ్‌విచ్‌లు, పాలన్నం మీద డబ్బా పీచ్ పండ్లు. ఎవరి మగ్గు వాళ్లే మోసుకురావాలన్నది ఆ నడక నియమం. కనుక ఆమెకు మనుషులు ముఖాలతో కాక మగ్గులతో గుర్తు. సొట్టపోయిన రేకు మగ్గు, గుడ్లగూబ బొమ్మ మగ్గు, పిడి విరిగిన ఎర్ర మగ్గు. ముగింపు సభలో ఏటా ఎవరో ఒకరు లేచి, "గ్లెండా లేకపోతే ఈ నడకే లేదు!" అనేవారు. అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లను ఆమె ఎప్పుడూ గోడ అవతలినుంచే విన్నది, సబ్బునీళ్లలో మోచేతుల దాకా మునిగి.

తానూ నడిస్తే బాగుండునని ఒకసారి, చాలా ఏళ్ల కిందట, ఆదివారం భోజనాల దగ్గర అన్నది. అత్తగారు ఎనిడ్ బంగాళాదుంప మీద గ్రేవీ పోసుకుంటూ తల కూడా ఎత్తలేదు. "నడవడమంటే ఎక్కడికో వెళ్లడం. బయల్దేరిన చోటికే తిరిగొచ్చేదాన్ని నడకంటారా, పిల్లా? మగాళ్లకు తోచక చేస్తారు. మనకు తోచకపోవడం ఎక్కడుంది?" అన్నది. క్లైవ్ నవ్వాడు. "మ్యాపు తిరగేసి పట్టుకుంటావు. నిన్ను వెతకడానికి మళ్లీ నేనే రావాలి," అన్నాడు. గ్లెండా కూడా నవ్వింది. ఆ నవ్వు చాలాకాలం ఆమె గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

కిందటి వేసవిలో ఒక సాయంత్రం, డాక్టరుగారి క్లినిక్‌లో పని ముగించి బస్సుకోసం నిలబడబోయినదల్లా, ఎందుకో, నిలబడలేదు. ఫోన్లెత్తి, కసుర్లు విని, "మా గ్లెండా నవ్వు చూస్తేనే సగం జబ్బు పోతుంది" అని డాక్టరుచేత అనిపించుకుని, ఆ నవ్వును రోజంతా ముఖానికి తగిలించుకుని ఉన్న మనిషి, బస్‌స్టాప్ వెనకున్న గోడ మెట్లెక్కి అవతలికి దిగింది. కొండ మీద ఎవరూ లేరు. ముఖం మీది నవ్వును తీసేసింది. దూదిగడ్డి గాలికి తలలూపుతోంది. కర్లూ పిట్ట ఒకటి పొడవాటి ముక్కుతో పొడవాటి పాటను పైకి, ఇంకా పైకి లాగుతోంది. ఆమె ఇల్లు చేరేసరికి బూట్ల నిండా నల్లటి బురద.

"బస్సు ఆలస్యమా?" అన్నాడు క్లైవ్.

"అవును."

ఆ ఏడాదంతా బస్సు ఆలస్యమే. పాపం, క్లైవ్ ఫోన్ చేసి బస్సులవాళ్లను తిట్టిపోశాడు కూడా. బస్సు సరిగానే వస్తోందని వాళ్లు, రావడం లేదని ఇతను. బూట్ల మీది బురదను మాత్రం అతను ఎన్నడూ చూడలేదు, బూట్లు తుడిచేది ఆమే కనుక.

జనవరి సమావేశంలో కార్యదర్శి మూడో చెక్‌పాయింట్ పేరెత్తగానే క్లైవ్ అలవాటుగా, "గ్లెండా చూసుకుంటుంది," అన్నాడు. "ఈసారి నేను నడుస్తాను," అన్నది గ్లెండా. కార్యదర్శి దగ్గి, "మరి చెక్‌పాయింట్?" అని అడిగాడు. ఆమె అతణ్ని చూడలేదు. నడవలేక ఈ ఏటికి ఖాళీగా ఉన్న క్లైవ్ మోకాలి వైపు చూసింది.

క్లైవ్‌కు ఆమె చెక్‌పాయింట్ పనులన్నీ చెప్పింది. టీ నీళ్ల బాయిలర్ వేడెక్కడానికి గంట పడుతుంది, తలుపు తీసిన వెంటనే స్విచ్ వెయ్యాలి. హాలు ఫ్రీజర్లోని రొట్టెల్ని ముందు రోజే తీసి బల్ల మీద పరిచిపెట్టాలి. "రొట్టె గురించి కూడా పాఠమా?" అన్నాడతను. "ఈ కొండంతా నడిచినవాణ్ని. రొట్టెకి దారి చూపించలేనా?"

బయల్దేరే ఉదయం గ్లెండా సంచికి నీలం మగ్గు వేలాడింది. కొత్తది. ఎవరి చేతికీ అందించని మగ్గు. ఆమె ఒక అడుగుకు అది సంచి బకిల్‌ను తాకి టిక్కుమంది, మరో అడుగుకు మళ్లీ టిక్కుమంది. మొదట ఆ చప్పుడు వింటూ నడిచింది. తరువాత ఆ చప్పుడుతో నడిచింది. ఆపైన నడకే మిగిలి, చప్పుడు దానిలో కలిసిపోయింది. కింద బురద కాలును పట్టుకుని వదిలేది, పట్టుకుని వదిలేది. గ్రౌస్ కోళ్లు పొదల్లోంచి తిట్టుకుంటూ లేచేవి. మొదటి చెక్‌పాయింట్లో, దాటిన గుర్తుగా, కార్డుకు చిల్లు పడింది, రెండోదానిలో రెండో చిల్లు పడింది. ఎవరో ముక్కూముఖం తెలియని అబ్బాయి నారింజ రసం పోసి, "ఇంకొంచెం?" అని అడిగాడు. ఇంకొంచెం కావాలా అని తనను ఒకరు అడగడం ఎంత వింతగా ఉందో! కావాలంది.

రెండోదాని తరువాత ఇద్దరు జతయ్యారు. ఒకామె విన్నీ. మొన్నమొన్నటి దాకా బస్సు నడిపి రిటైరైన డెబ్భై ఏళ్ల మనిషి, గొర్రెలతో సహా అందర్నీ పలకరిస్తుంది. రెండో ఆమె రషీదా. బ్రాడ్‌ఫర్డ్‌లో మందుల షాపు, వారం వారం ఇద్దరు పిల్లల్ని తల్లికి అప్పగించి కొండెక్కుతుంది.

"మీ ఆయన బస్సువాళ్లని తిట్టాడా?" విన్నీ నడుస్తూనే పొట్ట పట్టుకుంది. "ఆ టైములో ఆ రూటు నాదే తల్లీ! ఎవడో మొండి పీనుగ రోజూ ఫోన్ చేస్తున్నాడని డిపో అంతా అనుకునేవాళ్లం!"

ముగ్గురూ ఆగి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కొండ వినేటట్టు నవ్వారు. గ్లెండా గొంతులోని పాత ముల్లు ఎప్పుడు జారిపోయిందో ఆమె గమనించనైనా లేదు.

హాలిన్‌కు దిగుతుండగా పొగమంచు కమ్మింది. ముందు దూరపు గుట్టలు పోయాయి, తరువాత దగ్గరి గోడలు పోయాయి, చివరకు తమ పాదాలు మాత్రం మిగిలాయి. ఇలాంటి మంచులో పైనున్న ఊబి నేల మీదికి ఎవరినీ ఒంటరిగా పంపరు. మూడో చెక్‌పాయింట్లో ముగ్గురేసి గుంపు కట్టి, గుంపుగానే వదులుతారు. "మనం ముగ్గురం ఉన్నాంగా," అన్నది రషీదా.

హాలు తలుపు తీయగానే గ్లెండాకు అర్థమయింది. ఆవిరి వాసన లేదు. తడిసిన మనుషులు గోడల వెంట, చేతుల్లో ఖాళీ మగ్గులతో, వణుకుతూ నిలబడి ఉన్నారు. బాయిలర్ ఇప్పుడిప్పుడే గొణుగుతోంది. బల్ల మీద రొట్టెలు ఇంకా గడ్డకట్టి రాళ్లలా ఉన్నాయి. "ఈ సాండ్‌విచ్‌తో కూలిన గోడ కట్టొచ్చోయ్ క్లైవ్!" అని ఎవరో అరిచారు. తలుపు పక్క బల్ల దగ్గర కార్డులకు చిల్లులు కొడుతున్న ఎనిడ్ కోడలి కార్డు అందుకుని చిల్లు కొట్టింది.

వడ్డించే కిటికీ వెనక వంటగదిలో క్లైవ్. గ్లెండా ఏప్రన్ అతని పొట్టకు చాలక, ముడి వెనక్కి అందక, పక్కకు వేలాడుతోంది. నుదుటి మీద చెమట, వేళ్ల మీద వెన్న. ఆమెను చూడగానే అతని ముఖం పిల్లవాడి ముఖంలా విప్పారింది.

"వచ్చేశావా! దేవుడా, రక్షించావు. ఇదిగో, పట్టు." ముడి విప్పి ఏప్రన్ చాచాడు. "ఇవి ఇలా రాళ్లలా ఉంటాయని నాకేం తెలుసు? ఎలాగూ ఇక్కడిదాకా వచ్చావుగా. బ్రహ్మాండంగా నడిచావు. ఇక చాల్లే."

గ్లెండా వంటగది లోపలికి ఎప్పుడు వెళ్లిందో ఆమెకే తెలియదు. చూసుకునేసరికి చేతిలో వెన్నకత్తి ఉంది. కాళ్లు ఇన్ని మైళ్లు నడిచి సంపాదించుకున్నదాన్ని చేతులు ఒక్క క్షణంలో తిరిగి అప్పగించబోయాయి. ఆ చేతులంటే ఆమెకు కోపం రాలేదు. ఎంత తెలివైన చేతులు! రొట్టెను బాయిలర్ ఆవిరి మీద పెడితే మెత్తబడుతుందని వాటికి తెలుసు. వణికేవాళ్లలో ముందెవరికి పొయ్యాలో వాటికి తెలుసు. తెలిసినందుకే కదా ఇన్నేళ్లూ ఇక్కడ ఉండిపోయాయి. నేర్పు ఉన్నచోటే మేకు దిగుతుంది. మేకు ఉన్నచోటే ఏప్రన్ వేలాడుతుంది.

"గ్లెండా! టైమైపోతోంది!" తలుపు దగ్గరినుంచి విన్నీ కేక వేసింది. "చెక్‌పాయింట్ మూస్తారు!"

"ఎక్కడికి? ఈ మంచులోనా?" క్లైవ్ గొంతు తగ్గించాడు. "నువ్విప్పుడు వెళ్లాల్సిన పనేముంది చెప్పు."

జవాబు నాలుక మీద సిద్ధంగా ఉంది. నేను లేకపోతే వాళ్లిద్దరే అవుతారు, ఇద్దర్నీ పైకి పంపరు, వాళ్ల నడక ఆగిపోతుంది. నిజమైన కారణం, గట్టి కారణం, ఎవరూ కాదనలేనిది. ఎవరికో ఒకరికి అవసరమైతే తప్ప ఆమె ఏ గుమ్మమూ దాటలేదు ఇంతవరకు. పిల్లవాడి జ్వరం కోసం దాటింది, అత్తగారి కళ్లద్దాల కోసం దాటింది. ఇప్పుడు ఇద్దరు స్త్రీల కోసం దాటవచ్చు. క్లైవ్ కూడా సరేనంటాడు. ఆమె ఆ కారణాన్ని మింగేసింది.

"నాకు వెళ్లాలని ఉంది," అన్నది.

అంతే. దాని వెనక మరో వాక్యం లేదు. క్లైవ్ ఆ వాక్యం కోసం కాసేపు ఎదురు చూశాడు. ఏప్రన్ అతని చేతుల్లోనే ఉండిపోయింది. ఆమె వెన్నకత్తిని బల్ల మీద పెట్టి, వంటగది లోంచి బయటికి వచ్చి, కిటికీకి ఇవతల, మిగతా అందరూ నిలబడే చోట నిలబడి, నీలం మగ్గు చాచింది.

"టీ."

అతను పోశాడు. నిండుగా పొయ్యాలని చూసి కొంచెం ఒలకబోశాడు. గోరువెచ్చటి టీ. చక్కెర డబ్బా మూత తీసి ఆగాడు. ఆమెను చూశాడు, డబ్బాను చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు.

"ఎన్ని చెంచాలు?" అని అడిగాడు, చాలా నెమ్మదిగా.

"వేసుకోను, క్లైవ్. ఎప్పుడూ వేసుకోలేదు."

వెనక వరుసలో నవ్వబోయినవాడెవడో నవ్వలేదు. క్లైవ్ చెవులు ఎర్రబడ్డాయి. డబ్బా మూత పెట్టి, ఆ చిన్న ఏప్రన్‌ను మళ్లీ నడుముకు చుట్టుకున్నాడు. "తరవాతెవరు?" అన్నాడు.

గుమ్మం దగ్గర ఎనిడ్ కర్ర ఊతంతో లేస్తోంది. వంటగదివైపే చూస్తూ, కోడలివైపు చూడకుండా అన్నది: "ఇంకా నిలబడ్డావేం? రొట్టెల సంగతి నేను చూస్తాలే. చెయ్యడం కాదు, వాడిచేతనే చేయిస్తాను. నీకు కట్టబెట్టకముందే నేర్పాల్సిందాన్ని."

"బయల్దేరిన చోటికేగా తిరిగి రావడం," అన్నది గ్లెండా, నవ్వు ఆపుకోలేక.

"నోటికేం తక్కువ లేదు. తలుపు వేసి వెళ్లు, చలి."

ఆమె తలుపు వేసి వెళ్లింది. బయట మంచు అలాగే ఉంది. కొండ ఎక్కడ మొదలవుతుందో కూడా కనబడటం లేదు. ఇనుప గేటు దగ్గర గుంపులను వదులుతున్న మనిషి ముగ్గురి కార్డులు చూసి, దిక్సూచి ఉందా అని అడిగాడు. ఆలస్యమైన బస్సుల ఏడాదంతా ఆమె జేబులో తిరిగిన దిక్సూచి, అరచేతి వేడికి అలవాటైన దిక్సూచి, అరచేతిలోకి వచ్చింది.

"ముందెవరు నడుస్తారు?" అని అడిగాడతను.

విన్నీ రషీదాను చూసింది, రషీదా విన్నీని చూసింది. గ్లెండా టీ చివరి గుక్క తాగి, మగ్గును గడ్డిమీదికి దులిపి, సంచికి తగిలించింది.

"నేను," అన్నది.

మగ్గు టిక్కుమంది.