పొయ్యి దగ్గరకు వెళ్ళకూడని రోజు

"పరగడుపున ఉండాల్సింది నువ్వు కదా, మేం కాదుగా!" అన్నాడు లక్ష్మీకాంత్, ప్లేటు ముందుకు జరుపుతూ. తారామణి ఇంకో దోసె వేసింది. ఆస్పత్రిలో పరీక్ష ఉందని రాత్రి నుంచి ఆమె ఏమీ తినలేదు. నాచారంలోని ఆ ఇంట్లో రెండేళ్ళుగా ఆమె కడుపునొప్పికి ఒకటే పేరు, గ్యాస్. అత్తగారు వాము నమలమంది. ఆయన, "టైముకు తినవు, అదీ నీ జబ్బు" అన్నాడు. అందరూ తిన్నాక మిగిలేదే తన టైమని ఆయనకెవరు చెప్పాలి?

మెట్రో పనులకు తవ్విపోసిన రోడ్డు మీద దుమ్ము తింటూ ఉప్పల్‌లో ఆస్పత్రికి చేరారు. ఎండోస్కోపీకి ముందు డాక్టరమ్మ అంతా వివరంగా చెప్పింది. గొంతులో స్ప్రే కొట్టి, మెలకువగా ఉండగానే గొట్టం వేయవచ్చు. లేదా ఇంజెక్షన్‌తో మత్తులో ఉంచి చూడవచ్చు. మత్తయితే ఒకరు తోడుండాలి, రోజంతా విశ్రాంతి తీసుకోవాలి, పొయ్యి దగ్గరకు వెళ్ళకూడదు.

"స్ప్రే చాలండి," అన్నాడు లక్ష్మీకాంత్ వెంటనే. "రాత్రికి మా అక్కావాళ్ళు భోజనానికొస్తున్నారు. ఈవిడ ఓర్చుకుంటుంది."

ఓర్చుకుంటుంది! పోయినేడాది వేరే చోట కూడా ఇదే మాట అన్నాడు. గొట్టం గొంతు దిగుతుంటే ఊపిరాడక, కళ్ళూ ముక్కూ కారుతూ విలవిల్లాడితే సగంలోనే తీసేశారు. కడుపులో ఏముందో ఎవరూ చూడలేదు. చూడని జబ్బు ఇంట్లోవాళ్ళకు లేనట్టే అయిపోయింది. పైగా ఆడబిడ్డ ముందు ఆయన ఆ డోకుల్ని అభినయించి మరీ నవ్వించాడు, తను పులుసు వడ్డిస్తూ నిలబడి వింది. ఇప్పుడు ఒంట్లో రక్తం లేదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఈసారీ సగంలో తీసేస్తే? తన గొంతు, తన కడుపు, జవాబు మాత్రం ఆయనదా? తారామణికి ఒళ్ళు మండిపోయింది.

డాక్టరమ్మ ఆయన వైపు చూడలేదు. "మీరేమంటారమ్మా? నిదానంగా అంతా చూస్తేనే చూసినట్టు."

"ఇంజెక్షనే ఇవ్వండి," అంది తారామణి.

"తోడెవరుంటారు? నాకు ఆఫీసుంది!"

ఆమె అప్పటికే కింది వాటా సూర్యకళకు ఫోన్ కలిపింది. "ఫికర్ జెయ్యకు అక్కా, ఆటోల ఒస్తున్న," అంది సూర్యకళ.

తారామణికి మెలకువ వచ్చేసరికి సూర్యకళ పక్కనే ఉంది. "పుండున్నదంట అక్కా. ఆడికెల్లే రక్తం పోతున్నదంట. డాక్టరమ్మ గొట్టంతోనే ఆపింది. మందులు వాడితే మానుతదంట."

తారామణికి ఏడుపొచ్చింది. రెండేళ్ళు నమిలిన వాము మీద కోపంతో వచ్చిన ఏడుపది.

సాయంత్రం ఇంకా ఆస్పత్రి మంచం మీదే ఉండగా తారామణి ఫోన్ మోగింది, సూర్యకళ ఎత్తింది. లక్ష్మీకాంత్ తన అక్కావాళ్ళ కోసం ఆఫీసు నుంచి తొందరగానే ఇంటికి వచ్చేశాడట. సూర్యకళ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "కందిపప్పు డబ్బా యాడున్నదని అడుగుతుండు. ఇంకా మత్తులనే ఉన్నదని చెప్పాల్నా?" అంది గుసగుసగా.

ఆ అబద్ధం సుఖంగానే ఉండేది. తారామణి చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"మెలకువగానే ఉన్నానండీ. డబ్బా ఎక్కడుందో నాకు తెలుసు, చెప్పను. వెతుక్కోండి. పప్పుతోపాటు నాకు కాస్త జావ కూడా కాచి ఉంచండి. ఆకలేస్తోంది."