వంగపండు రంగు మీద ముసుగు

నేను ఒక కారు ముసుగును. ఒక్క వాన చుక్కను కూడా నేను లోపలికి పోనివ్వనని గొప్పలు చెప్పి కొట్టువాడు నన్ను అమ్మాడు. లోపలి చుక్కను బయటికీ పోనివ్వనని వాడు చెప్పలేదు, కొన్నాయన అడగలేదు.

ఆయన కాకినాడ పేర్రాజు గారు. పోర్టులో కాటా గుమాస్తాగా రిటైరయ్యాక తొలి కారు కొన్నారు. రంగు ఎంచింది భార్య మంగతాయారు. తన పెళ్ళి పట్టుచీర రంగే, వంగపండు రంగు. ఆ కారెక్కి ఊరంతా తిరగాలని ఆవిడ కోరిక. ఆ రంగు చెక్కుచెదరకూడదని ఆయన పంతం. ఆ రెండింటి మధ్యా నన్ను పరిచారు.

సముద్రపు ఊరు. ఉప్పుగాలి, ఆషాఢం నుంచి కార్తీకం దాకా ముసురు. వాన వెలిసీ వెలియకముందే ఆయన పరుగెత్తుకొచ్చి, తడి కారు మీదే నన్ను కప్పి తాళ్ళు బిగించేవారు. మర్నాడు ఎండ కాసేది. లోపలి తడి ఆవిరై నాకు తగిలి, మళ్ళీ ఆ రంగు మీదే కారేది. ఇడ్లీ పాత్ర మూత బతుకు నాది. గాలి వీచినప్పుడల్లా నా కింద చేరిన ఇసుక రంగును గీకేది. కాస్త గాలి తగలనివ్వండయ్యా అని అరవాలనిపించేది. నాకు నోరేది?

నోరున్న మంగతాయారు చెప్పి చూసింది.

"తడి చెయ్యి తగిలితే ఆవకాయే బూజు పడుతుందండీ. ఆరనిచ్చి కప్పండి."

"ఆవకాయకీ కారుకీ పోలికేంటే," అంటూ ఆయన ఇంకో ముడి వేశారు.

ఏడాదిలో ఆవిడ ఆ కారెక్కింది మూడుసార్లు. తక్కిన ప్రతిసారీ మబ్బు పట్టిందని ఆయన ఆపేశారు.

చివరికి సామర్లకోటలో మంగతాయారు చెల్లెలి గృహప్రవేశానికని నన్ను తీశారు. ఆవిడ ఆ పట్టుచీరే కట్టుకొచ్చింది. బానెట్ నిండా పొక్కులు. కొంగుతో ఒకదాన్ని తుడవబోతే రంగు పెచ్చుగా ఊడి చేతికొచ్చింది. ఆవిడ ఆ పెచ్చును ఆయన చేతిలో పెట్టి, నడిచి వెళ్ళి బస్సెక్కింది. తిట్టినా బాగుండేది.

ఆయన నన్నూ డిక్కీలో వేసుకుని వెళ్ళిన షెడ్డులో పెయింటు మేస్త్రి ఒక్క మాటలో తేల్చేశాడు.

"వానకి కాదండి, తడిమీద మూట కట్టబట్టి పొక్కిందండి. మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడప్పుడూ మైనం పట్టించండి, చాలు."

పేర్రాజు గారు ఇంటికొచ్చి భార్యతో, "ముసుగు నాసిరకందటే," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నన్ను డాబా మీద పడేశారు.

మళ్ళీ అదే వంగపండు రంగు వేయించుకుని కారు వచ్చిన వారానికే చినుకులు మొదలయ్యాయి. ఆయన డాబా ఎక్కి నన్ను చంకన పెట్టుకున్నారు. మెట్ల కింద మంగతాయారు కారు తాళాలు పట్టుకుని నిలబడింది, భుజాన పొడి తువ్వాలు.

"దాన్ని అక్కడే పెట్టి రండి. వానలోనే బీచి దాకా వెళ్ళొద్దాం. వచ్చాక నేనే తుడుస్తాను."

ఆయన నన్ను అక్కడే దించారు. ఏడాదిపాటు ఒంటికి అంటుకుని ఉన్న రంగును నేను దూరం నుంచి చూసింది అప్పుడే. తడిసిన వీధిలో నిగనిగలాడుతూ వెళ్ళిపోయింది.

నన్ను మాత్రం ఆయన తడిగానే మడిచి, పైన ఇటుక పెట్టి వెళ్ళారు.