జెండా మీది ఆకు

మొదట్లో గరాయ్ చేతిలో ఉన్నవి ఇవి: కొబ్బరి నూనె గానుగ, ఆ నూనెతోనే నడిచే జనరేటరు, చేపలను గడ్డకట్టించే ఇనపగది, దంతాలు గుండ్రంగా తిరిగిన మగపంది. గానుగ, జనరేటరు సొంతం. గది మాత్రం సర్కారు వాళ్ళ పచ్చ పథకానిది. మూడు లోడ్లు ఓడకు తప్పకుండా అందిస్తే అతనిదవుతుంది, ఒక్కటి తప్పినా పక్క దీవికి పోతుంది. పందిలో ఎవరికీ వాటా లేదు. పైకోరలు పీకించి, కిందివి వంపు తిరిగేలా ఏడేళ్ళు టారో దుంప మెత్తగా పిసికి నోటికందించి పెంచాడు. దాన్ని బలిచ్చి విందు చేసిన రోజు మయేవో దీవిలో అతనికి పెద్ద హోదా, కొత్త పేరు వస్తాయి.

“ఏడేళ్ళలో నాకొక్క ముద్ద పిసికి పెట్టావా?” అనేది భార్య నెల్లీ.

“నీ పళ్ళు కూడా గుండ్రంగా తిరగనీ, పెడతాను.”

రెండు లోడ్లు వెళ్ళాయి. మూడోది, నాలుగు వందల కిలోలు, గదిలో ఉంది. ఓడ మర్నాడు మధ్యాహ్నం వస్తుందనగా పథకం ఆఫీసరు ఎస్టెల్ ఫోటోలు తీయడానికి దిగింది. తండ్రిది మయేవోనే గాని పిల్ల పుట్టి పెరిగింది రాజధాని పోర్ట్ విలాలో. గది చుట్టూ తిరిగి, పచ్చ పథకమని పేరేగాని ఎక్కడా పచ్చదనమే లేదని బాధపడింది. గరాయ్ వెనకాల నూనె వడకడుతుంటే, రెండు నమెలె ఆకులు కోసుకొచ్చి తలుపు మీద అడ్డంగా కట్టేసింది.

గరాయ్ వచ్చేసరికి ఊరంతా ఇరవై అడుగుల దూరంలో నిలబడి ఉంది. ముసలాళ్ళు టోపీలు తీసేశారు.

“ఎవరు కట్టారివి?”

“నేనే అంకుల్. అచ్చం మన దేశం జెండా మీద ఉన్నట్టే కట్టాను. బాగుంది కదా?”

“జెండా మీద బాగానే ఉంటుందమ్మా. జెండాలో ఎవరూ చేపలు దాచుకోరు.”

నమెలె కట్టిన చోటు ముట్టరానిది. ఊరిపెద్ద విప్పాలి, దంతాల పంది పడితేగాని ఆయన విప్పడు. కట్టినది అమాయకురాలా, ఆఫీసరా అని ఆకు అడగదు.

ఊరిపెద్ద తారి గరాయ్‌కి మేనమామ. చావడిలో కొబ్బరి చిప్పతో కావా, మత్తెక్కించే వేరు రసం, తాగుతూ కూర్చున్నాడు.

“మామా, పిల్లకి తెలీదు. విప్పేయ్.”

“తెలీక ముట్టుకుంటే నిప్పు కాలదేంట్రా?”

“ఆకు తలుపు మీద కదా ఉంది. వెనక గోడ కోసుకుంటాను.”

“కోసుకో. రేపు నీ ఇంటి తలుపుకి నేనో ఆకు కడతాను. కప్పు ఎక్కి లోపలికి దూకుదువుగాని.”

“పోనీ చిన్న పంది ఇస్తాను.”

“చిన్న ఆకులు కట్టిందా?”

“తప్పు ఆ పిల్లదైతే పంది నాదేంటి మామా?”

“ఆ పిల్లకుందా పంది?”

“లాప్‌టాప్ ఉంది.”

“దానికి దంతాల్లేవు.”

గరాయ్ మనసులో లెక్క వేసుకున్నాడు. ఆకు విప్పించడానికి పడిన పందికి హోదా, పేరు రావు. ఇంకో పందిని ఏడేళ్ళలో పెంచవచ్చు, తనకిప్పుడు యాభై రెండు. ఇంకో గది ఈ దీవికి రాదు. పోయే పంది ఎలాగూ పోతుంది, వట్టినే పోనివ్వడం వ్యాపారి లక్షణం కాదు.

“పందిస్తాను మామా. కానీ విప్పిన ఆకులు పారెయ్యకు. పగడపు దిబ్బ మీద పాతి, ఏడాదిపాటు వేట ఆపించు. పిల్లచేపల్ని కూడా వదలకుండా ఊడ్చేస్తున్నారు.”

“దిబ్బ మూస్తే ఊరు ఏం తింటుంది?”

“లోతునీళ్ళ చేప. నా గదిలో ఉంటుందిగా.”

తారి చిప్ప కిందపెట్టి కడుపు పట్టుకుని నవ్వాడు. “మా అక్క నిన్ను కనలేదురా, తూకం వేసి దించింది! సరే, ఏడాది కాదు, రెండేళ్ళు. ఊరివాళ్ళకి మాత్రం నువ్వు కొన్న ధరకే అమ్మాలి. పైన ఒక్క వాటు నాణెం వేసుకున్నా గదికి మళ్ళీ ఆకే.”

“వాటు కాదు మామా, వాటా.”

“రెండూ లేవు.”

పొద్దున్నే పందిని తెచ్చారు. గరాయ్ దుంప పిసకబోతే చేతులు సాగలేదు. నెల్లీ గిన్నె లాక్కుని తనే పిసికి దాని నోటికి పెట్టింది. ఎస్టెల్ ముందు వెక్కి వెక్కి ఏడ్చింది, తర్వాత మాంసం రెండోసారి అడిగి వడ్డించుకుంది. తారి ఆకులు విప్పి దిబ్బ మీద పాతించాడు. మధ్యాహ్నం ఓడలోకి నాలుగు వందల కిలోలూ గట్టిగా రాళ్ళలా ఎక్కాయి. పథకం వాళ్ళ నివేదికలో తలుపు ఫోటో కింద ‘స్థానిక కళ’ అని రాశారు.

రెండో ఏడు వచ్చేసరికి ఒడ్డు నుంచే కనబడేంత దగ్గరగా చిలక చేపలు మందలు కట్టాయి. అమ్ముకునే సరుకు తాను తినకూడదని పెట్టుకున్న నియమం వల్ల, గరాయ్ వాటి ఎదురుగా కూర్చుని డబ్బా చేప తినేవాడు.

పోయినవి: పంది, పేరు, ఊరి బేరంలో లాభం. వచ్చినవి: ఇనపగది, చెయ్యి పెట్టడానికి వీల్లేని సముద్రం నిండా చేపలు. మొత్తం మీద లాభమే అంటాడు గరాయ్, డబ్బా అడుగు గీకుతూ.