గంట్లు పెట్టిన బండలు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలంలో మా ఇంటికి నాపబండలు వచ్చాయి. అప్పటికి జమ్మలమడుగులో మా వీధిలో అన్నీ మట్టి నేలలే. వానలు పడితే చెమ్మెక్కేవి. గోడల వారన తేళ్లు తిరిగేవి. జేజి మంచం కింద తేలును చంపిన రోజే మా నాయన ఖలందర్ బండలు పరచాలని తేల్చుకున్నాడు.

జేజి నాయనకు తల్లి. ఆమెకు చూపు పోయి చాలా కాలమైంది. అయినా ఇంట్లో ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. పొయ్యి దాకా, పెరట్లో మేక దాకా తనే వెళ్లి వచ్చేది. ఎవరైనా చెయ్యందిస్తే, "నేనేమన్నా ఈ ఇంటికి కొత్తనా?" అని విదిలించేది. నేను నేల అలికేటప్పుడు నడిమింట్లోని గుంటను మట్టితో పూడ్చబోతే మాత్రం, "దాని జోలికి పోవద్దు మైమూనూ" అని కసిరేది. ఎందుకో నేను అడగలేదు.

"మేస్త్రీని పిలిస్తే పోదా?" అంది అమ్మ.

"పరుపు కుట్టేటోనికి బండ పరిచేది రాదా? రెండూ మనుషులు పండుకునేవే గదా!" అన్నాడు నాయన.

నాయనది దూదేకే పని. ఆయన కుట్టిన పరుపు మీద అరచెయ్యి రాస్తే ఎక్కడా గడ్డ తగలకూడదు. తగిలితే కుట్లు విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. నేలనూ అలాగే చేశాడు. పాత మట్టి తవ్వేసి, పెన్న ఇసుక పోసి, మట్టం చూసుకోడానికి దూదేకే వింటి నారిని ఈ గోడ నుంచి ఆ గోడకు బిగించి కట్టాడు. బండ పెట్టడం, చెక్క సుత్తితో తట్టడం, వంగి అరచేత్తో రాయడం. కాస్త ఎత్తు తగిలినా లేపి ఇసుక తీసేవాడు. సందుల్లో నేనూ అమ్మా సున్నం కూరాం. పని జరిగినన్నాళ్లూ జేజి పక్కింటి పెంచలమ్మ వసారాలో కూర్చుని, "ఏమిరా, బండల్ని గూడా ఏకుతాండావా?" అని అరిచేది.

పని అయ్యాక మొదట చూసింది పెంచలమ్మే. "అన్నం ఈ నేలమిందనే పెట్టుకోని తినొచ్చు గదప్పా!" అంది. నాయన సిగ్గుపడి మీసం నిమురుకున్నాడు.

జేజి గడప దాటి లోపలికి అడుగుపెట్టి ఆగింది. పాదంతో ముందుకు రాసింది, పక్కకు రాసింది. అతుకు కూడా తగల్లేదు. ధైర్యం చేసి నాలుగడుగులు వేసి గోడకు గుద్దుకుంది.

"ఒరే ఖలందరూ, నా ఇల్లు యాడ బెట్టినావురా?"

అందరం నవ్వాం. జేజి నవ్వలేదు.

అది మొదలు ఆమె మంచం దిగడం మానేసింది. అవసరమైతే, "మైమూనూ, చెయ్యియ్యి" అనేది. మేక అరిచినా, "గడ్డెయ్యండమ్మా దానికి" అని ఊరుకునేది. నాయన చూడలేక, "ఈ బండలు పెరికేస్తా లేమ్మా" అన్నాడు.

"ఎందుకురా, బాగుండాయి. సల్లగా శానా బాగుండాయి. నేనీడనే కూసుంటా."

ఆమె ఏనాడూ అంత మెత్తగా మాట్లాడింది లేదు. ఆ పూట నాయన సరిగా తినలేదు.

ఒకరోజు రోళ్లకు గంట్లు పెట్టే ఆమె వీధిలో కేకేసుకుంటూ వచ్చింది. మా పెరట్లోని రోలు అరిగి నున్నబడి ఉంది. జేజిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టాను. ఉలితో పొడవడం అయిపోయాక జేజి రోలును తడిమింది. ఒక్కో గంటునూ వేలితో పలకరిస్తున్నట్టు తడిమింది. నడిమింటి గుంట దగ్గర ఆమె పాదం ఎప్పుడూ ఒక్క క్షణం ఆగి ఎడమకు, పొయ్యి వైపు తిరగడం అప్పుడు గుర్తొచ్చింది నాకు.

సాయంత్రం నాయనతో, "బండలకు గూడా గంట్లు పెడదాం నాయనా. జేజి నడిచే దావలో" అన్నాను.

నాయన వంగి అరచేత్తో నేలను రాశాడు. ఒక్క గడ్డ లేని నేల అది. తెల్లారి లేచి ఎక్కడో ఉలి అడిగి తెచ్చాడు.

జేజి నా భుజం పట్టుకుని నిలబడి చెప్పింది. "ఈడ గాదురా. ఇంగ జానెడు ఇవతల. ఆడ గుంట ఉండె. ఆఁ, అదీ. తలుపుకాడ ఇంగా ఎక్కువ పొడువు, ఆడ నేల ఉబ్బుగా ఉండె."

"పొడిచి పొడిచి పగలగొడతావేమో సూసుకో" అంది అమ్మ. "ఆ గంట్లల్లో మట్టి దూరితే ఎవురు గీకేది?"

"నేను గీకుతాలే, నా కాళ్లతో!" అంది జేజి.

ఆఖరి బండ అయ్యాక జేజి నా భుజం వదిలేసింది. గంట్లను పాదంతో రాసుకుంటూ నడిచి, నడిమింట్లో ఒక్క క్షణం ఆగింది. ఎడమకు కాదు, నేరుగా పెరటి తలుపు వైపు కదిలింది. గడప దగ్గర నాయన ఆత్రంగా చెయ్యి చాచాడు.

"తియ్యిరా చెయ్యి. నేనేమన్నా ఈ ఇంటికి కొత్తనా?"

పెరట్లో మేక ఆమెను చూసి అరవడం మొదలుపెట్టింది.